ఇడ్లీ కారప్పొడిలో ఏముందంటే "అది మా సీక్రెట్" అంటున్నాడు, రూల్స్ ఒప్పుకుంటాయా?

బ్రాడీపేట_నాన్న:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, తిట్టుకోకండి.

మాది గుంటూరు. మా చిన్నోడికి ఏడేళ్లు, వాడికి వేరుశనగ గుళ్ళు పడవు. పడవు అంటే ఏదో నాలుగు దద్దుర్లొచ్చి పోయే రకం కాదండీ, మూడేళ్లప్పుడు ఎవరో పెట్టిన వేరుశనగ ఉండ ఒక్క కొరుకు కొరికితే పెదాలు వాచి, గొంతు బొంగురుపోయి, ఆయాసం వచ్చి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. ఆ రోజు నుంచి ఇంట్లో గుళ్ళు లేవు, టిఫిన్ హోటల్ చట్నీ లేదు, పులిహోర కూడా గుళ్ళు లేకుండానే. పులిహోరలో గుళ్ళు లేకపోతే మా నాన్నకి ఎంత బాధో మీకు తెలుసు, అయినా మనవడి కోసం మానేశాడు పాపం.

పోయిన ఆదివారం మా బావమరిది బెజవాడ నుంచి వస్తా ఒక హోమ్‌ఫుడ్స్ షాపులో పావుకిలో ఇడ్లీ కారప్పొడి తెచ్చాడు. అలవాటు కొద్దీ కవర్ తిప్పి చదివా. కందిపప్పు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు, చివర్లో "మసాలా దినుసులు (మా ప్రత్యేక మిశ్రమం)". గుళ్ళు అనే మాట లేదు. పర్లేదులే అని నెయ్యేసి ఇడ్లీతో పెట్టాం. రెండో ఇడ్లీ సగంలో ఉండగా వాడు "నాన్నా నాలుక గుచ్చుతోంది" అన్నాడు, పది నిమిషాల్లో మొహం వాచింది. మళ్ళీ ఆస్పత్రి, ఇంజెక్షన్, సాయంత్రం దాకా అక్కడే. ఇప్పుడు బానే ఉన్నాడు, స్కూలుకి కూడా పోతున్నాడు.

మర్నాడు కవర్ మీదున్న నంబర్‌కి ఫోన్ చేశా. గొడవ పెట్టుకోలేదు, "అందులో వేరుశనగ ఉందా లేదా ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు" అన్నా. ఆయన "నలభై ఏళ్ల నుంచి మా అమ్మగారి చేతి రెసిపీ సార్, ఆ మిశ్రమంలో ఏముందో మా పనివాళ్లకే చెప్పం, ఫోన్లో మీకు చెప్తే రేపు పక్క సందులో ఇంకోడు షాపు పెడతాడు, అయినా లేబుల్‌లో మసాలా దినుసులు అని రాశాం కదా, రూల్ ప్రకారం అంతే చాలు" అని పెట్టేశాడు.

నా డౌట్ ఒకటే. రెసిపీ సీక్రెట్ అని చెప్పి లోపలున్నది దాచొచ్చా? రూల్ నిజంగా అంతేనా? షాపు పేరు మాత్రం అడగొద్దు, ఏం కలిసిందో నాకే ఇంకా ఖాయంగా తెలీదు.

లేబుల్_పంతులు:

ముందు బాబు బాగున్నందుకు సంతోషం అండీ. నేను పదకొండేళ్లుగా ఒక ఫుడ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తున్నా, లేబుల్స్ నా చేతి మీదుగానే వెళ్తాయి.

ఆయన చెప్పిందాంట్లో సగం నిజం, ఆ సగం పట్టుకునే చాలామంది బతికేస్తున్నారు. మనకి వర్తించేది ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ 2020 లేబులింగ్ అండ్ డిస్‌ప్లే రెగ్యులేషన్స్. అందులో పదార్థాలన్నీ బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, కానీ కొన్నిటికి గుంపు పేరు వాడుకోవచ్చు. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఇట్టాంటివి ఒక్కోటి రాయకుండా "మసాలా దినుసులు" అంటే చాలు. ఇంకోటి, మీరు వాడే ఒక మిశ్రమం మొత్తం సరుకులో 5 శాతం కన్నా తక్కువుంటే, దాని లోపల ఏమేం ఉన్నాయో విడమర్చి రాయక్కర్లేదు (రంగు, నిల్వ లాంటి వాటి కోసం వేసి, తయారైన సరుకులో కూడా పని చేసే అడిటివ్స్ ఉంటే అవి తప్ప). ఎంత శాతం వేశారు, ఎంతసేపు వేయించారు, ఏది ముందు ఏది తర్వాత, ఇవేవీ లేబుల్ మీద అడగరు. కవర్ మీద పెద్ద జీడిపప్పు బొమ్మేసి "జీడిపప్పు కారం" అని గొప్పలు పోతే మాత్రం జీడిపప్పు ఎంత శాతమో రాయాలి, అది వేరే సంగతి. అంటే రెసిపీ దాచుకోడానికి చట్టమే బోలెడంత చోటిచ్చింది.

కానీ ఎలర్జీ దగ్గర ఆ తలుపు మూసేసింది. 8 గుంపులున్నాయి: గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ ఇంకా జీడిపప్పు బాదం లాంటి నట్స్, సోయా, కిలోకి 10 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువున్న సల్ఫైట్ (నిల్వ కోసం వేసేది). వీటిలో ఏది వేసినా "ఇందులో ఫలానాది ఉంది" అని విడిగా రాయాల్సిందే. గుంపు పేరుతో తప్పించుకోవటం, మా సీక్రెట్ అనటం కుదరదు. అసలు అంత దూరం కూడా పోనక్కర్లేదు, వేరుశనగ గుళ్ళు మసాలా దినుసు ఎప్పుడయ్యాయండీ? మసాలా అనే గుంపులో గుళ్ళు దాచితే అది ఎలర్జీ రూల్ లేకపోయినా తప్పే.

ఇంకో కోణం కూడా ఉంది. ఆయన వేసుండకపోవచ్చు, అంటుకుని ఉండొచ్చు. అదే గ్రైండర్‌లో, అదే జల్లెడతో వేరుశనగ పొడి కూడా చేస్తే కలుస్తుంది. దానికి "కలిసి ఉండే అవకాశం ఉంది" అని రాసుకునే వీలు అదే రెగ్యులేషన్‌లో ఉంది. మీరు అడగాల్సింది "ఏమేం వేశారు" ఒక్కటే కాదు, "ఎక్కడ ఆడించారు" అని కూడా.

పొడుల_పద్మక్క:

నాది సత్యనారాయణపురంలో చిన్న యూనిట్, పొడులు పచ్చళ్లు, నలుగురు ఆడవాళ్లం. అవతల పక్క కూడా ఒకళ్లు చెప్పాలి కదా అని రాస్తున్నా, బాబు విషయంలో ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు.

మా భయం ఏందంటే, మా దగ్గర రెండేళ్లు చేసిన అమ్మాయి బయటికెళ్లి మా నల్లకారం అచ్చంగా దించేసింది, కవర్ రంగుతో సహా. మేం ఏం చేయగలం? పేటెంట్ తీసుకుందామంటే రెసిపీ బయటపెట్టాలి. మన దేశంలో ట్రేడ్ సీక్రెట్స్‌కని విడిగా చట్టమే లేదని మా ఆడిటర్ చెప్పాడు. అందుకే మాలాంటోళ్ల దగ్గర ఉన్న ఏకైక తాళం నోరు మూసుకోవటం. మా అత్తగారు బతికున్నన్నాళ్లు ఆఖరి పోపు ఆవిడే వేసేది, తలుపేసుకుని మరీ.

కానీ నిజం చెప్తా, పేర్లు తెలిస్తే రెసిపీ పోదు. కందిపొడిలో కందిపప్పు ఉంటుందని ఎవరికి తెలీదు? పప్పు ఏ రంగు దాకా వేయించాలి, మిర్చి తొడిమ తీసి ఎండబెట్టాలా పెనం మీద వెచ్చబెట్టాలా, వెల్లుల్లి పొట్టుతో దంచాలా లేదా, ఆ కారం తాడికొండ వైపు కాయదా ఇంకెక్కడిదా, అదీ రెసిపీ. నేను లేబుల్ మీద అన్నీ రాస్తా, ఒక్క కస్టమర్ తగ్గలేదు.

ఒక్కటి మాత్రం నాకూ తెలీక రెండేళ్లు తప్పు చేశా, ఒప్పుకుంటా. ఇంగువ. మనం కొనే డబ్బా ఇంగువ ఒట్టి ఇంగువ కాదు, బంకతో పాటు మైదానో గోధుమ పిండో బియ్యప్పిండో కలిపిందే. నేను లేబుల్ మీద "ఇంగువ" అని రాసి ఊరుకునేదాన్ని. ఒకావిడ ఫోన్ చేసి మా పాపకి గోధుమ పడదు, మీ సాంబారు పొడి తిన్నాక కడుపునొప్పి అంటే, మా దాంట్లో గోధుమ ఎక్కడిదమ్మా అని దబాయించా కూడా. తర్వాత డబ్బా వెనక చదివితే మొదటి మూడిట్లో గోధుమ పిండి ఉంది. సిగ్గేసింది. అప్పట్నుంచి నేను కొనే ప్రతి ముడిసరుకు డబ్బా ఫొటో తీసి పెట్టుకుంటున్నా.

వన్‌టౌన్_వెంకట్:

సీక్రెట్ గురించి అంటున్నారు కాబట్టి ఒక పాత ముచ్చట. 1977లో జనతా ప్రభుత్వం వచ్చినప్పుడు జార్జ్ ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రి, విదేశీ కంపెనీలు ఇక్కడ వాటా 40 శాతానికి తగ్గించుకోవాలన్నారు, కోకా కోలా వాళ్ళని ఫార్ములా కూడా ఇక్కడి కంపెనీకి ఇమ్మన్నారు. వాళ్ళు ఫార్ములా ఇచ్చే కన్నా దేశం వదిలి పోవటమే నయం అనుకుని పోయారు, మళ్ళీ 1993లో వచ్చారు. అంత పట్టుదల ఉన్నోడు కూడా ఇవాళ బాటిల్ మీద చక్కెర, కెఫీన్, యాసిడ్ నంబరు, రంగు నంబరు అన్నీ రాసే అమ్ముతున్నాడు, దాచింది ఒక్క ఫ్లేవర్ అనే మాట కింద మాత్రమే. అమెరికా ఫార్ములాకి లేని దాపరికం మన ఇడ్లీ కారానికెందుకో నాకర్థం కాదు.

పాతకాలం_పెదనాన్న:

మా చిన్నప్పుడు ఈ ఎలర్జీలు ఎక్కడున్నాయి నాయనా. శనక్కాయలు చేలోనే పీక్కుని పచ్చివి తినేవాళ్ళం. కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పోతుంది.

పీజీ_అమ్మాయి:

పెదనాన్నగారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. డాక్టర్ల పర్యవేక్షణలో తక్కువ మోతాదుతో చేసే చికిత్స ఒకటుంది నిజమే, అది ఇంట్లో చెంచాతో చేసేది కాదు.

బ్రాడీపేట_నాన్న గారూ, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మొహం వాయటం, గొంతు మారటం, ఆయాసం వచ్చినప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండరంలోకి వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ సిరప్ దురద తగ్గిస్తుంది, గొంతు మూసుకుపోవటాన్ని ఆపదు. చాలామంది సిరప్ పోసి "చూద్దాం" అని అరగంట కూర్చుంటారు, ఆ అరగంటే కొంప ముంచేది. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు కూడా, మిమ్మల్ని సాయంత్రం దాకా ఉంచింది అందుకే. మీ పిల్లల డాక్టర్‌ని అడిగి అత్యవసరంలో ఏం చేయాలో కాగితం మీద రాయించుకోండి, ఒక కాపీ స్కూల్లో ఇవ్వండి.

డాలస్_కోడలు:

మాది విజయవాడ పటమట, పదేళ్లుగా ఇక్కడ. అమ్మ పార్సిల్ పంపినప్పుడల్లా నేను చేసే మొదటి పని లేబుల్ చదవటం, మా పాపకి నువ్వులు పడవు. ఇక్కడ అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా తప్పనిసరి లిస్టులో చేరాయి, తొమ్మిదోది. "స్పైసెస్" అని గుంపుగా రాసుకునే వెసులుబాటు ఇక్కడా ఉంది, కానీ ఆ స్పైసెస్ లోపల ఎలర్జీ పదార్థం ఉంటే పేరు పెట్టి చెప్పాల్సిందే. యూరప్‌లో లిస్టు 14, అందులో నువ్వులతో పాటు ఆవాలు కూడా. ఇండియా 8లో ఈ రెండూ లేవు. ఆలోచించండి, మన ఆవకాయంటేనే ఆవపిండి, పప్పునూనె (నువ్వుల నూనె)! అంటే మన అమ్మమ్మల జాడీ మొత్తం అక్కడ ఎలర్జీ లిస్టే.

ఇంకో విషయం, గ్రైండర్ గురించి పైన ఎవరో రాశారు కదా, అది చిన్న షాపుల జబ్బు మాత్రమే కాదు. 2024 సెప్టెంబర్‌లో బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వేరుశనగ పడనివాళ్లంతా ఆవాలు, ఆవపిండి ఉన్న ఏ పదార్థమూ తినొద్దని హెచ్చరించింది, ఆవాల్లో వేరుశనగ కలిసిందని. ఆ ఆవాలు మన దేశం నుంచి వెళ్లినవే. ఎవరూ కావాలని వేయలేదు. అయినా షెల్ఫుల మీద నుంచి సరుకు తీసేయాల్సి వచ్చింది.

బ్రాడీపేట_నాన్న:

అందరికీ థాంక్స్ అండీ. పంతులు గారూ, మరి కంప్లయింట్ చేయాలంటే ఎట్టా? ఆ పొడి ఇంకా మా దగ్గరే ఉంది, టెస్ట్ చేయించొచ్చా?

లేబుల్_పంతులు:

కవర్, బిల్లు, బ్యాచ్ నంబరు పారేయకండి, 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందో లేదో చూసి ఫొటో తీసుకోండి. ఆస్పత్రి కాగితాలు కూడా. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అని ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ యాప్ ఉంది, దాంట్లో పెట్టొచ్చు, లేదంటే నేరుగా జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీస్‌లో రాసివ్వొచ్చు. షాపు బెజవాడలో కాబట్టి ఎన్టీఆర్ జిల్లా వాళ్ళకి, గుంటూరులో ఇస్తే అటూ ఇటూ తిప్పుతారు.

టెస్ట్ సంగతి, విప్పిన ప్యాకెట్‌తో లాభం లేదు, మీ ఇంట్లోనే కలిసిందని అనేస్తాడు. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం కొనుక్కున్నవాడు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు, కానీ కొనేటప్పుడే షాపువాడికి "దీన్ని టెస్ట్‌కి పంపుతున్నా" అని చెప్పి కొనాలి. చాలామందికి ఈ ముక్క తెలీక గుట్టుగా కొని పంపిస్తారు, తర్వాత అది నిలబడదు. తప్పు తేలితే కట్టిన ఫీజు వెనక్కొస్తుంది.

లేబుల్ తప్పని తేలితే సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా జరిమానా, కేసు జాయింట్ కలెక్టర్ దగ్గర నడుస్తుంది. మనిషికి దెబ్బ తగిలితే నష్టపరిహారం సెక్షన్ 65లో వేరే ఉంది. కానీ నా సొంత మాట, ముందు ఇంకోసారి మాట్లాడి చూడండి. ఈసారి సీక్రెట్ అడగొద్దు, గ్రైండర్ గురించి అడగండి.

వన్‌టౌన్_వెంకట్:

మరి టిఫిన్ హోటళ్ల సంగతేంది? నేను రోజూ తినే చోట చట్నీలో ఏముందో బోర్డు మీద ఎప్పుడూ చూళ్ళేదు.

లేబుల్_పంతులు:

ఎలర్జీ పదార్థాలు మెనూలో చెప్పాలన్న రూల్ పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల బ్రాంచీలున్నవాళ్లకి, సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాళ్లకే వెంకట్ గారూ. మీ సందు చివర బండికి వర్తించదు. అక్కడ నోరు తెరిచి అడగటమే, అదృష్టం కొద్దీ బండివాడికి సీక్రెట్లు ఉండవు, కళ్ల ముందే వేస్తాడు.

బ్రాడీపేట_నాన్న:

అప్‌డేట్. ఆలస్యమైంది, సారీ.

శనివారం నేనూ మా ఆవిడా బెజవాడ పని మీద వెళ్లి ఆ షాపుకే పోయాం. ఫోన్లో మాట్లాడినాయన లేడు, వాళ్ళమ్మగారు కూర్చుని ఉన్నారు, ఎనభై ఉంటాయేమో, చెవులు మాత్రం చురుకు. పంతులు గారు చెప్పినట్టే రెసిపీ ఊసెత్తలేదు. మా ఆవిడ ఫోన్లో వాడి ఫొటో చూపించింది, వాచిన మొహంతో ఆస్పత్రిలో తీసింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "మేం దీంట్లో గుళ్ళు వేయమమ్మా, వేస్తే నూనె దిగి నెలకే ముక్కిన వాసనొస్తుంది" అన్నారు. మరి ఎక్కడ ఆడిస్తారు అంటే వెనక్కి తీసుకెళ్లి చూపించారు. ఒకటే పెద్ద గ్రైండర్. పొద్దున శనక్కాయ కారం, మధ్యాహ్నం ఇడ్లీ కారం. మధ్యలో పొడి గుడ్డతో తుడుస్తారంట. గిన్నె అంచు కింద వేలు పెట్టి తీస్తే తెల్లగా ముద్ద వచ్చింది. ఆవిడకే నోట మాట రాలేదు.

కొడుకొచ్చాక మొదట కాస్త బిగుసుకున్నాడు, సెక్షన్ 52 అనేసరికి కూర్చున్నాడు. కొత్త స్టిక్కర్ వేయిస్తానన్నాడు, వేరుశనగ కలిసి ఉండొచ్చని. అది వేసేదాకా పాత ప్యాకెట్లు తీసేస్తానని కాగితం మీద రాసిచ్చాడు. ఇంకో గ్రైండర్ కొనే స్తోమత ఇప్పుడు లేదంట, అది నిజమో కాదో నాకు తెలీదు. నెలాఖరుకి వెళ్లి చూస్తా, స్టిక్కర్ లేకపోతే యాప్‌లో పెట్టేస్తా, అది కూడా మొహం మీదే చెప్పా.

పద్మక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. వచ్చేటప్పుడు ఆ పెద్దావిడ మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, ఆ ప్రత్యేక మిశ్రమంలో ఏముందో మొత్తం చెప్పేశారు, మేం అడక్కుండానే. "ఇంట్లోనే చేసి పెట్టు బిడ్డకి" అని. కొలతలు కూడా చేత్తో చూపించారు. నిన్న చేశాం, వాడు నాలుగు ఇడ్లీలు తిన్నాడు.

వన్‌టౌన్_వెంకట్:

ఏంటండీ ఆ మిశ్రమం? వామా? ఎండు కొబ్బరా?

బ్రాడీపేట_నాన్న:

చెప్పను వెంకట్ గారూ, పెద్దావిడకి మాటిచ్చాం. మీ పోపులపెట్టెలో ఉన్నవే. ఎలర్జీ లిస్టులోవి మాత్రం ఒక్కటీ లేవు, అదొక్కటే చెప్తా.